పెంపుడు జంతువుల విదేశీ తరలింపు

ఒక దేశంలో పెంచుకొంటున్న కుక్కను గాని, పిల్లిని గాని, యజమాని నివాసం మారిన సందర్భంలో చట్టబద్ధంగా వేరొక దేశానికి చేర్చడాన్ని పెంపుడు జంతువుల విదేశీ తరలింపు అంటారు. గమ్యదేశం విధించిన ఆరోగ్య నిబంధనలను నెరవేర్చడం, బయలుదేరే దేశపు ప్రభుత్వ పశువైద్యాధికారి నుండి ధ్రువపత్రం పొందడం మరియు విమానయాన సంస్థ నియమాలను పాటించడం ఇందులోని ప్రధాన భాగాలు. హైదరాబాదు నగరపు తూర్పు ప్రాంతాలైన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నుండి శంషాబాదు విమానాశ్రయం మీదుగా జరిగే తరలింపును దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసంలో ఆ విధానం వివరించబడినది.

నేపథ్యం

దిల్‌సుఖ్‌నగర్ చాలాకాలంగా కంప్యూటరు శిక్షణా సంస్థలకు, కోచింగ్ కేంద్రాలకు పేరుపొందిన ప్రాంతం. దానికి తూర్పున విజయవాడ రహదారిపై ఉన్న ఎల్.బి.నగర్ (లాల్ బహదూర్ నగర్) ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘంగా ఉండి, 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమైనది. ఈ రెండు ప్రాంతాల నుండి, వాటి మధ్యనున్న చైతన్యపురి, కొత్తపేటల నుండి ఉన్నత విద్యకు, ఉద్యోగాలకు అమెరికా, బ్రిటన్, ఐరోపా, ఆస్ట్రేలియా దేశాలకు వెళ్ళినవారు అనేకులు. అటువంటి ఇండ్లలో పెరిగిన కుక్క విషయం సాధారణంగా వీసా చేతికి వచ్చిన తరువాతనే చర్చకు వస్తుంది. అప్పటికి ప్రయాణానికి నెల రోజులు మాత్రమే మిగిలి ఉంటే, చాలా దేశాల విషయంలో ఆలస్యమైపోయినట్లే. విమాన టికెట్టు కొనవచ్చును, పెట్టె కొనవచ్చును. నిబంధనలలోని నిరీక్షణ కాలాన్ని మాత్రం డబ్బుతో తగ్గించుకొనే అవకాశం లేదు.

విద్యార్థులు కుక్కను వెంట తీసుకొని వెళ్ళడం అరుదు. అది తల్లిదండ్రుల వద్దనే ఉండిపోతుంది. కొన్నేళ్ళ తరువాత మనుమలను చూసుకొనేందుకు ఆ తల్లిదండ్రులే ఆరు నెలల కోసం అమెరికా ప్రయాణం కట్టినప్పుడు సమస్య మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ ప్రాంతపు పశువైద్యుల వద్దకు వచ్చే ప్రశ్నలలో ఇటువంటివి తక్కువేమీ కావు.

నిబంధనలకు మూలం

పైకి కాగితాల వ్యవహారంగా కనిపించే ఈ నిబంధనలన్నింటి వెనుక ఉన్న ప్రధాన కారణం రేబీస్ వ్యాధి. లక్షణాలు కనబడిన తరువాత దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమయ్యే ఈ వ్యాధి మనుషులకు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు కుక్కల ద్వారానే సంక్రమిస్తుంది. ప్రపంచంలో రేబీస్ మరణాలలో సుమారు 36 శాతం భారతదేశంలో సంభవిస్తున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను 2030 నాటికి నిర్మూలించే లక్ష్యంతో భారత ప్రభుత్వం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వంటి ద్వీపదేశాలు ఈ వ్యాధిని తమ పెంపుడు జంతువులలో లేకుండా చేసుకొన్నవి, లేదా మొదటినుండి రానివ్వలేదు. భారతదేశం నుండి వచ్చే కుక్కను ఆ దేశాలు అనుమానంతో చూడడానికి కారణం ఇదే. ఇంట్లోనే పెరిగిన లాబ్రడార్ అయినా, వీధి నుండి తెచ్చి పెంచుకొన్న దేశవాళీ కుక్క అయినా ఈ విషయంలో తేడా లేదు.

వ్యాధి సోకిన నాటి నుండి లక్షణాలు బయటపడే వరకు గల కాలాన్ని పొదుగుదల కాలం అంటారు. రేబీస్‌లో ఇది సాధారణంగా రెండు మూడు నెలలు. ఒక వారం నుండి సంవత్సరం వరకు కూడా ఉండవచ్చును. కుక్కకు టీకా వేయడానికి ముందే వైరస్ శరీరంలో ప్రవేశించి ఉంటే, రక్తంలో రక్షక పదార్థాలు తగినంత ఉన్నట్లు పరీక్షలో తేలినా, వ్యాధి ఆ తరువాత బయటపడే ప్రమాదం ఉన్నది. అందువలననే అనేక దేశాలు రక్తపరీక్ష ఫలితంతో తృప్తిపడక, దాని తరువాత మరికొన్ని నెలలు వేచి ఉండమంటాయి. ఈ నిరీక్షణ అధికారుల జాప్యం కాదు. వ్యాధి స్వభావాన్ని బట్టి నిర్ణయించిన గడువు.

పూర్వం ఈ నిరీక్షణ గమ్యదేశపు క్వారంటైన్ కేంద్రంలోనే జరిగేది. 1922లో రేబీస్‌ను నిర్మూలించుకొన్న బ్రిటన్‌లో బయటినుండి వచ్చిన ప్రతి కుక్కనూ ఆరు నెలలు బోనులో ఉంచేవారు. 2000 సంవత్సరం ఫిబ్రవరిలో మొదలైన పెంపుడు జంతువుల ప్రయాణ పథకంతో ఈ పద్ధతి మారినది. టీకా, చిప్, రక్తపరీక్ష సక్రమంగా ఉన్నచో జంతువు తన ఇంట్లోనే ఉండి గడువు పూర్తిచేసుకొనే వీలు కలిగినది.

చిప్, టీకా, రక్తపరీక్ష

తరలింపులో అన్నిటికన్నా ముఖ్యమైనది క్రమం. మొదట మైక్రోచిప్, తరువాత (లేదా అదే రోజున) రేబీస్ టీకా, ఆ తరువాత కనీసం 30 రోజులకు రక్తపరీక్ష, దాని తరువాత నిరీక్షణ కాలం.

మైక్రోచిప్ బియ్యపుగింజంత పరిమాణంలో ఉండే గాజు గొట్టం. దీనిని సూది ద్వారా మెడ వెనుక చర్మం కింద ప్రవేశపెడతారు. ఇందులో బ్యాటరీ ఉండదు, జంతువు ఎక్కడున్నదో ఇది తెలుపదు. స్కానర్ దగ్గరకు తెచ్చినప్పుడు మాత్రమే 15 అంకెల సంఖ్యను చూపుతుంది. ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలకు అనుగుణమైన చిప్‌నే వాడవలెను. టీకా పుస్తకంలో, ప్రయోగశాల నివేదికలో, ప్రభుత్వ ధ్రువపత్రంలో ఈ సంఖ్య ఒకే విధంగా ఉండవలెను. ఒక్క అంకె తారుమారైనా ఆ కాగితం వేరొక కుక్కదిగా పరిగణించబడుతుంది. పశువైద్యుని వద్దకు వెళ్ళిన ప్రతిసారీ చిప్‌ను స్కాన్ చేయించి, సంఖ్యను సరిచూసుకోవడం మంచిది.

చిప్ వేయడానికి ముందు ఇచ్చిన టీకాను ఐరోపా సమాఖ్య, బ్రిటన్, అమెరికా లెక్కలోకి తీసుకోవు. ఏ జంతువుకు టీకా పడినదో నిరూపించే ఆధారం అప్పటికి లేకపోవడమే దీనికి కారణం. మన వద్ద కుక్కపిల్లలకు టీకాలు వేయించేవారు చాలామందే ఉన్నా చిప్ వేయించేవారు తక్కువ. అయిదేళ్ళుగా తప్పకుండా టీకాలు పడిన కుక్క కూడా చిప్ లేని కారణంగా మళ్ళీ మొదటి మెట్టు నుండి ప్రారంభించవలసి రావడం యజమానులకు మింగుడుపడని విషయం.

రేబీస్ టీకాను 12 వారాల వయసు నిండిన తరువాతనే వేయవలెను. టీకా సీసాపై ఉండే బ్యాచ్ సంఖ్య గల చీటీని పుస్తకంలో అతికించి, తేదీ వేసి, వైద్యుడు సంతకం చేసి ముద్ర వేయవలెను. హైదరాబాదులోని గచ్చిబౌలి కేంద్రంగా పనిచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ జంతువుల రేబీస్ టీకా 'రక్షరాబ్'ను తయారుచేస్తున్నది.

తేదీలు వ్రాసే పద్ధతిలో కూడా జాగ్రత్త అవసరం. 05/08 అని వ్రాస్తే మనకు ఆగస్టు 5. అమెరికా అధికారికి అది మే 8. నెల పేరును అక్షరాలలో వ్రాయించుకొంటే ఈ చిక్కు ఉండదు.

రక్తపరీక్షను టైటర్ పరీక్ష అంటారు. ఇందులో మిల్లీలీటరు రక్తరసికి కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్ల రక్షక పదార్థాలు ఉండవలెను. పశువైద్యుడు రక్తం తీసి, రక్తరసిని వేరుచేసి, చల్లగా ఉంచి, గమ్యదేశం గుర్తించిన ప్రయోగశాలకు పంపవలసి ఉంటుంది. ఇక్కడి ఏ ప్రయోగశాల నివేదికైనా చెల్లుతుందనుకోరాదు. ఐరోపా సమాఖ్యకు, అమెరికాకు వేర్వేరు జాబితాలున్నవి. ఐరోపా సమాఖ్యకు ఈ పరీక్షలలో ప్రామాణిక ప్రయోగశాల ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో, అమెరికాలో పేరుపొందిన రేబీస్ ప్రయోగశాల కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉన్నవి. జీవితంలో మొదటిసారి ఒకే మోతాదు టీకా పొందిన చిన్న కుక్కలలో ఫలితం 0.5 కంటే తక్కువ రావడం జరుగుతూ ఉంటుంది. అప్పుడు మళ్ళీ టీకా, మళ్ళీ పరీక్ష. అందుచేత కొందరు వైద్యులు పరీక్షకు ముందే రెండవ మోతాదు ఇస్తారు.

ఒక ఉదాహరణ

దిల్‌సుఖ్‌నగర్‌కు చెందిన ఒక కుటుంబం కుక్కతో సహా లండను వెళ్ళవలసి ఉన్నదనుకొందాం. జనవరి 5న చిప్, టీకా రెండూ పూర్తయితే రక్తం తీయగలిగిన మొదటి తేదీ ఫిబ్రవరి 4. ఫలితం సరిగా వస్తే రక్తం తీసిన నాటి నుండి మూడు నెలలకు, అనగా మే 4 నుండి, ప్రయాణం సాధ్యమవుతుంది. అదే కుటుంబం జనవరి 5న టీకా మాత్రమే వేయించి, చిప్‌ను జనవరి 20న వేయించినచో, ఆ రోజున మళ్ళీ టీకా వేయించవలెను. అప్పుడు రక్తపరీక్ష ఫిబ్రవరి 19కి, ప్రయాణం మే 19కి జరుగుతుంది. కుక్కపిల్ల విషయంలో టీకాకు 12 వారాలు, ఆపై 30 రోజులు, ఆపై మూడు నెలలు కలిపితే దాదాపు ఏడు నెలల వయసు వచ్చే వరకు అది బ్రిటన్‌లో గాని, ఐరోపా సమాఖ్యలో గాని అడుగుపెట్టజాలదు.

దేశాలు, నిబంధనలు

అమెరికా: తెలుగువారు ఎక్కువగా వెళ్ళే ఈ దేశంలో కుక్కల నిబంధనలు ఇటీవల బాగా మారినవి. ఒకప్పుడు టీకా పత్రం చూపితే సరిపోయేది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 జూలై 14 నుండి రేబీస్ ముప్పు అధికంగా గల దేశాల కుక్కల దిగుమతిని తాత్కాలికంగా నిలిపివేసినది. ఆ జాబితాలో భారతదేశం కూడా ఉన్నది. 2024 ఆగస్టు 1 నుండి కొత్త నియమాలు అమలులోకి వచ్చినవి. వీటి ప్రకారం కుక్కకు ఆరు నెలల వయసు నిండి ఉండవలెను, చిప్ ఉండవలెను, కుక్క దిగుమతి పత్రాన్ని ముందుగా ఆన్‌లైనులో నింపవలెను. భారతదేశంలో టీకా పొందిన కుక్కకు వీటికి తోడు టీకా, చిప్ వివరాల పత్రాన్ని పశువైద్యుడు పూరించగా ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించవలసి ఉంటుంది. రక్తం టీకా తరువాత 30 రోజులకు తక్కువ కాకుండా, అమెరికా చేరడానికి 28 రోజులకు తక్కువ కాకుండా తీయవలెను. టైటర్ ఫలితం లేనిచో అక్కడ 28 రోజుల క్వారంటైన్ తప్పదు, దాని ఖర్చు యజమానిదే.

ఇటువంటి కుక్క అమెరికాలోని ఏ విమానాశ్రయంలో పడితే ఆ విమానాశ్రయంలో దిగరాదు. వ్యాధి నియంత్రణ కేంద్రం వద్ద నమోదైన జంతు సంరక్షణ కేంద్రాలున్న న్యూయార్క్, అట్లాంటా, లాస్ ఏంజెలెస్, మయామీ వంటి కొద్ది నగరాలలోనే, అదీ ముందుగా స్థలం కేటాయింపు చేసుకొని దిగవలెను. అక్కడ కుక్కను పరీక్షించి, మరొకసారి రేబీస్ టీకా వేస్తారు. జాబితాలో లేని నగరంలో స్థిరపడబోయేవారు ఈ మజిలీని ప్రయాణ ప్రణాళికలో ముందే చేర్చుకోవలెను. గడచిన ఆరు నెలలలో ముప్పు గల ఏ దేశంలోనూ లేని కుక్కకు ఈ కఠిన నియమాలు వర్తించవు.

గాలికుంటు వ్యాధి గల దేశాల నుండి వచ్చే కుక్కల పాదాలకు, పరుపుకు మట్టి అంటి ఉండరాదని అమెరికా వ్యవసాయ శాఖ నియమం. పశువుల వ్యాధికి కుక్క కాళ్ళతో ఏమి సంబంధమని అనిపించవచ్చును గాని, ఆ వైరస్ మట్టితో పాటు ప్రయాణించగలదు. పిల్లుల విషయంలో అమెరికా సమాఖ్య ప్రభుత్వం రేబీస్ టీకాను తప్పనిసరి చేయలేదు. రాష్ట్రాల నియమాలు వేరుగా ఉండవచ్చును. రేబీస్ లేని హవాయికి ప్రత్యేక నిబంధనలున్నవి.

ఐరోపా సమాఖ్య, బ్రిటన్: ఐరోపా సమాఖ్య నియమావళి ప్రకారం భారతదేశం జాబితాలో లేని దేశాల కోవకు చెందుతుంది. కనుక పైన చెప్పిన మూడు నెలల నిరీక్షణ తప్పనిసరి. యజమాని ప్రయాణానికి ముందు వెనుకల అయిదు రోజులలోపు జంతువు ప్రయాణిస్తేనే అది వ్యక్తిగత తరలింపు అవుతుంది, లేనిచో వ్యాపార సరుకుల నియమాలు వర్తిస్తాయి. బ్రిటన్‌కు వెళ్ళే కుక్కకు చేరడానికి 24 గంటల నుండి 120 గంటల ముందు బద్దెపురుగు మందు వేయించి నమోదు చేయించవలెను. విమానంలో బ్రిటన్‌కు జంతువులు సాధారణంగా కార్గోగానే చేరవలసి ఉంటుంది. కొన్ని జాతుల కుక్కలపై అక్కడ 1991 చట్టం కింద నిషేధం కలదు.

ఆస్ట్రేలియా: అన్నిటిలో కష్టమైనది ఇదే. భారతదేశం ఆ దేశం ఆమోదించిన జాబితాలో లేనందున ఇక్కడి నుండి కుక్కను, పిల్లిని నేరుగా తీసుకొనిపోరాదు. ముందు ఆమోదిత దేశమొకదానిలో నెలల తరబడి ఉంచి, అక్కడి నుండి దిగుమతి అనుమతితో మెల్‌బోర్న్ సమీపంలోని మికిల్‌హామ్ క్వారంటైన్ కేంద్రానికి చేర్చవలెను. నియమం ఎంత నిక్కచ్చిగా అమలవుతుందో 2015లో లోకానికి తెలిసినది. హాలీవుడ్ నటుడు జానీ డెప్ కుటుంబం ప్రైవేటు విమానంలో రెండు చిన్న కుక్కలను ప్రకటించకుండా తీసుకొనిరాగా, వాటిని వెంటనే వెనుకకు పంపనిచో చంపివేయవలసి వస్తుందని ఆ దేశపు మంత్రి హెచ్చరించాడు. తప్పుడు పత్రం సమర్పించిన కేసు 2016లో న్యాయస్థానం వరకు వెళ్ళినది.

కెనడా వ్యక్తిగత పెంపుడు కుక్కల విషయంలో కొంత ఉదారంగా ఉన్నది. అయితే 2022 సెప్టెంబరు 28 నుండి భారతదేశం వంటి దేశాల నుండి వ్యాపార నిమిత్తం వచ్చే కుక్కలను నిషేధించినది. జపాన్‌లో రక్తపరీక్ష తరువాత నిరీక్షణ 180 రోజులు.

శంషాబాదులో ధ్రువీకరణ

భారత ప్రభుత్వ పశుసంవర్ధక శాఖకు చెందిన జంతు క్వారంటైన్ మరియు ధ్రువీకరణ కేంద్రాలు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదులలో ఉన్నవి. హైదరాబాదు కేంద్రం శంషాబాదులో కలదు. ఎల్.బి.నగర్ నుండి చాంద్రాయణగుట్ట మీదుగా ఇది సుమారు 25 కిలోమీటర్ల దూరం. ప్రయాణానికి కొద్ది రోజుల ముందు జంతువును, టీకా పుస్తకాన్ని, ప్రైవేటు పశువైద్యుని ఆరోగ్య పత్రాన్ని, టైటర్ నివేదికను, యజమాని పాస్‌పోర్టు మరియు టికెట్టు ప్రతులను ఇక్కడ చూపి ఎగుమతి ఆరోగ్య ధ్రువపత్రం పొందవలెను. ఐరోపా సమాఖ్యకు ఈ పత్రం 10 రోజులు మాత్రమే చెల్లుతుంది కనుక మరీ ముందుగా తీసుకొన్నా ప్రయోజనం లేదు. సెలవు దినాలు, పండుగలు చూసుకొని తేదీ నిర్ణయించుకోవలెను.

అనుభవం లేనివారు ప్రైవేటు తరలింపు సంస్థలను ఆశ్రయిస్తారు. ఇందులో తప్పులేదు. అయితే నిరీక్షణ కాలం లేకుండానే పంపుతామని ఎవరైనా హామీ ఇస్తే అది నమ్మదగినది కాదు. కాగితాలలో లోపం బయటపడినప్పుడు క్వారంటైన్‌లో ఉండేది, లేదా వెనుకకు పంపబడేది కుక్క. ఖర్చు భరించేది యజమాని.

విమాన ప్రయాణం

అంతర్జాతీయ విమాన రవాణా సంఘం జీవజంతువుల నియమావళి ప్రకారం పెట్టెలో జంతువు తల తగలకుండా నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపి పడుకొనే వీలుండవలెను. గాలి ఆడవలెను, బయటినుండి నీరు పోయగలిగిన గిన్నె ఉండవలెను. కార్గో రుసుమును చాలావరకు అసలు బరువుపై గాక పెట్టె పరిమాణంపై లెక్కిస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించడం సాధారణ పద్ధతి. 100 సెం.మీ. పొడవు, 70 సెం.మీ. వెడల్పు, 75 సెం.మీ. ఎత్తు గల పెట్టెకు ఇది 87.5 కిలోలు అవుతుంది. లోపలి లాబ్రడార్ బరువు 30 కిలోలే కావచ్చును. రుసుము విని యజమానులు ఆశ్చర్యపోవడానికి కారణం ఈ లెక్కే.

2003లో వచ్చిన హచ్ ప్రకటన తరువాత మన ఇండ్లలో బాగా పెరిగిన పగ్ జాతి విషయంలో ప్రత్యేక చిక్కు ఉన్నది. పగ్, బుల్‌డాగ్ వంటి చదునుముక్కు కుక్కలకు వేడిలో, ఒత్తిడిలో శ్వాస ఆడడం కష్టమవుతుంది. అందువలన అనేక విమానయాన సంస్థలు వీటిని నిరాకరిస్తాయి లేదా వేసవిలో అనుమతించవు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల ఎండను తప్పించి, రాత్రి విమానాన్ని ఎంచుకోవడం ఏ జాతికైనా మేలు. మత్తుమందు ఇచ్చి పంపడం మంచిది కాదు. దానివలన రక్తపోటు పడిపోయి, ఎత్తులో శ్వాస దెబ్బతినవచ్చును. దానికి బదులు కొన్ని వారాల ముందునుండే పెట్టెను ఇంట్లో తెరచి ఉంచి, అన్నం అందులోనే పెట్టి, కుక్క దానిలో తనంతట తాను పడుకొనేటట్లు అలవాటు చేస్తారు.

భారతదేశానికి తిరిగి రావడం

జంతువుల దిగుమతికి మూలమైన చట్టం 1898 నాటి పశుసంపద దిగుమతి చట్టం. విదేశాలలో నివసించి తిరిగి స్థిరపడేందుకు వచ్చేవారు నివాస మార్పిడి కింద రెండు పెంపుడు జంతువులను తెచ్చుకోవచ్చును. ముందుగా క్వారంటైన్ కేంద్రం నుండి నిరభ్యంతర పత్రం పొందవలెను. సంతానోత్పత్తి వ్యాపారం కోసం కుక్కల దిగుమతిని భారత ప్రభుత్వం 2016లో నిషేధించినది.

2022లో ఉక్రెయిన్ యుద్ధ సమయంలో అక్కడి భారతీయులు తమ కుక్కలను, పిల్లులను వెంట తెచ్చుకొనేందుకు కేంద్ర ప్రభుత్వం ఒక్కసారికి సడలింపు ఇచ్చినది. అదే సమయంలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకుకు చెందిన ఒక వైద్యుడు తాను పెంచుకొంటున్న జాగ్వార్‌ను, నల్ల చిరుతను విడిచి రానని డాన్‌బాస్ ప్రాంతంలోనే ఉండిపోవడం వార్తలలోకి వచ్చినది. ఆ సడలింపు పెద్దపులి జాతి జంతువులకు వర్తించేది కాదు. చివరకు ఆయన వాటిని అక్కడే వదిలి పోలండు చేరుకొన్నాడు.

మన ఇండ్లలో పంజరాలలో కనబడే రామచిలుక సంగతి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దానిని పెంచుకోవడమే నేరం, కనుక ఎగుమతి ప్రసక్తి లేదు. నక్షత్ర తాబేలు కూడా అంతే.

అమెరికా నుండి కుక్కను ఇక్కడికి తెచ్చి మళ్ళీ తీసుకొనిపోదలచినవారు బయలుదేరక ముందే అక్కడి వ్యవసాయ శాఖతో అమెరికా టీకా ధ్రువపత్రాన్ని ఆమోదింపజేసుకోవలెను. లేనిచో తిరుగు ప్రయాణంలో ఆ కుక్క విదేశీ టీకా పొందినదిగా లెక్కించబడుతుంది. ఐరోపా సమాఖ్య నుండి వచ్చేవారు అక్కడే టైటర్ పరీక్ష చేయించి పెంపుడు జంతువు పాస్‌పోర్టులో వ్రాయించుకొంటే తిరిగి వెళ్ళేటప్పుడు మూడు నెలల నిరీక్షణ ఉండదు.

ఇక్కడే ఉండిపోయిన కుక్క విషయంలో

వెంటనే తీసుకొనిపోలేక తల్లిదండ్రుల వద్ద వదిలిన కుక్కను తరువాత తీసుకొనిపోయే మార్గం మూసుకుపోదు. చిప్ వేయించి, టైటర్ పరీక్ష ఒకసారి సరిగా వచ్చిన తరువాత, ప్రతి రేబీస్ టీకాను పాతదాని గడువు ముగియక ముందే వేయించినంతకాలం ఐరోపా సమాఖ్య దృష్టిలో ఆ పరీక్ష చెల్లుతూనే ఉంటుంది. గడువు ఒక్క రోజు దాటినా టీకా, 30 రోజులు, రక్తపరీక్ష, మూడు నెలలు అన్నీ కొత్తగా మొదలవుతాయి. టీకా పుస్తకం ఇక్కడ, జ్ఞాపకం పెట్టుకోవలసినవారు అక్కడ ఉన్న ఇండ్లలో గడువు తేదీని ఇరువైపులా వ్రాసి ఉంచుకొంటారు.